గుడిమల్లం గోడల మీద ఉన్న ఊరు

గుడిమల్లం పేరెత్తితే చాలు, అందరూ లింగం గురించే అడుగుతారు. ఎన్నేళ్ళది? నిజంగా క్రీస్తు పుట్టకముందుదేనా? ప్రపంచంలో ఇదే మొదటిదంటారే? మా స్టాఫ్ రూంలోనూ ఇవే ప్రశ్నలు, చుట్టాల పెళ్ళికి పోయినా ఇవే. అడగడంలో తప్పేం లేదు, అలాంటి మూర్తిని ఇంకోచోట చూడలేం. కానీ ఆ లింగం మీద ఎండావానా పడకుండా వందల ఏళ్ళుగా నిలబడిన గుడి ఒకటుంది. ఆ గుడిని నడిపించిన ఊరొకటుంది. ఆ ఊరి లెక్కాపత్రం చాలావరకు రాయి మీదే ఉంది. దాని దగ్గర ఆగి చూసేవాళ్ళు మాత్రం కనబడరు. నాకు చాన్నాళ్ళుగా ఉన్న బాధ ఇది. అందుకే ఈసారి రాళ్ళ గురించి రాస్తున్నా.

తెలియనివాళ్ళకు దారి చెప్తాను. తిరుపతి నుంచి రేణిగుంట దాటి, కాళహస్తి రోడ్డులో పోతూ పాపానాయుడుపేట వైపు తిరగాలి. బండి మీదైతే గంట పట్టదు. ఏర్పేడు మండలం. పక్కనే స్వర్ణముఖి, ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసకే. పాపానాయుడుపేట గాజుపూసలకు పేరుపడ్డ ఊరు. కొలిమిలో కరిగిన గాజు ముద్దను పొడవాటి ఇనుపగొట్టం చివరికి ఎత్తి, తిప్పుతూ తిప్పుతూ మొన తేల్చి, మళ్ళీ కొలిమిలో పెట్టి, ఆ మొన నుంచి సన్నటి తీగలాగా గాజును లాగుతారు. తీగ లోపల బోలుగా ఉంటుంది కాబట్టి పూసకు వేరే బెజ్జం వెయ్యక్కర్లేదు, ముక్కలు చేస్తే చాలు. ఆ ముక్కల్ని బూడిదలో కలిపి ఇంకోసారి వేడిచేస్తే అంచులు గుండ్రబడతాయి. పుదుచ్చేరి పక్కన అరికమేడులో తవ్వినప్పుడు దొరికిన రెండువేల ఏళ్ళనాటి పూసలు కూడా ఇలా తీగ లాగి చేసినవే. గుడికి పోయే దారిలో ఇంత పాత పనితనం ఉందని మనలో చాలామందికి తెలియదు.

లింగం గురించి చెప్పకుండా ముందుకు పోవడం నాకూ చేతకాదు. సుమారు ఐదడుగుల ఎత్తు. ముదురు గోధుమరంగు రాయి, బాగా నున్నగా ఉంటుంది. ముందువైపు శివుడు నిలబడి ఉంటాడు, రెండే చేతులు. కుడిచేత్తో ఒక పొట్టేలును వెనక్కాళ్ళు పట్టి తలకిందులుగా వేలాడదీసి ఉంటాడు. ఎడమచేతిలో చిన్న చెంబు, ఎడమ భుజం మీద గొడ్డలి. తలపాగా చుట్టినట్టు జడలు, చెవులకు బరువైన కుండలాలు, మెడలో హారం. జంధ్యం లేదు. నడుముకున్న బట్ట మడతలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు, అయినా దాని వెనక ఒళ్ళంతా తెలుస్తూ ఉంటుంది, రాతిలో అంత పలచన చూపించాడు ఆ శిల్పి. కాళ్ళ కింద ఒక పొట్టి యక్షుడు. అంత బరువు మోస్తూ కూడా వాడి ముఖంలో కష్టం కనబడదు. ఆ పొట్టేలును పట్టుకున్న తీరు చూస్తే మా వైపు సంత నుంచి జీవాన్ని తోలుకొచ్చే కాపరిలాగా ఉంటాడు స్వామి. నాకు ఆయన మీద ప్రేమ పుట్టింది అక్కడే.

ఈ మూర్తిని పండితలోకానికి పరిచయం చేసింది శిల్పశాస్త్రం తెలిసిన పండితుడు టి.ఎ. గోపీనాథరావు, 1911 ప్రాంతంలో. మన చిత్తూరు జిల్లా పుట్టింది కూడా ఆ ఏడాదే. కాలం విషయంలో అప్పటి నుంచీ వాదన నడుస్తూనే ఉంది. క్రీస్తుకు ముందు రెండు మూడు శతాబ్దాలదని చెప్పేవాళ్ళు ఎక్కువమంది, ఆ తర్వాతి కాలానిదని చెప్పేవాళ్ళూ ఉన్నారు. 1973-74లో పురావస్తు శాఖ తరఫున ఐ. కార్తికేయశర్మ ఇక్కడ తవ్వారు. లింగం చుట్టూ చదరంగా కట్టిన రాతి కంచె బయటపడింది, బౌద్ధ స్తూపాల చుట్టూ ఉండే వేదిక లాంటిదే. అంటే మొదట్లో స్వామికి కప్పు లేదు, ఆరుబయట కంచె మధ్యన ఉండేవాడు. ఆ తర్వాత శాతవాహనుల కాలంలో పెద్ద ఇటుకలతో, వెనకభాగం గుండ్రంగా ఉండేలా గుడి కట్టారు. ఆ కంచె ఇవాళ్టికీ గర్భగుడిలో ఉంది. వీడియోలు తీసేవాళ్ళు దాన్ని చూపించరు, కెమెరా అంతా స్వామి మీదే.

ఇక నా విషయానికొస్తా.

ఆ గుడి రాళ్ళ మీది రాతలు నాకు అంతో ఇంతో కూడబలుక్కోవడం వచ్చిందంటే అది మా అమ్మ పుణ్యం. అమ్మది నగరి. ఇంట్లో అరవం, వీధిలో తెలుగు. చిన్నప్పుడు నాకు వారపత్రిక చదివించి అరవం అక్షరాలు నేర్పింది, అది ఇక్కడ పనికొస్తుందని ఇద్దరమూ అనుకోలేదు. గుడిమల్లం శాసనాలు తమిళంలో ఉన్నాయి, సంస్కృతం మాట వచ్చినచోట గ్రంథలిపి కలుస్తుంది. అక్షరాలు ఇప్పటి అరవం అక్షరాల్లా ఉండవు. మొదట్లో 'స్వస్తిశ్రీ' తప్ప ఏదీ అందేది కాదు. తర్వాత 'యాండు' అనే మాట పట్టుకున్నా, అంటే ఏడు, సంవత్సరం. అది దొరికితే సగం పని అయినట్టే. దానికి ముందు రాజు పేరుంటుంది, వెనక ఆయన ఏలుబడిలో ఎన్నో ఏడో ఉంటుంది. పొద్దున పూట ఎండ గోడ మీద ఏటవాలుగా పడినప్పుడే ఇదంతా సాధ్యం. మిట్టమధ్యాహ్నం అయితే అక్షరానికి నీడ ఉండదు, రాయి చదునుగా కనబడుతుంది.

ఇట్లా గోడకు ముఖం ఆనించి నిలబడి ఉంటే ఒకసారి ఆ ఊరి పెద్దామె ఒకామె వచ్చి పక్కన కూర్చుంది. "ఏమ్మే, అందురూ సామిని చూసి పోతారు, నువ్వేంది గోడను చూస్తా ఉండావు?" అంది. "ఇవి దానాల లెక్కలవ్వా. గుడికి ఎవురెవురు ఏమిచ్చినారో రాసుకున్నారు" అన్నా. కాసేపు ఆలోచించి, "అయితే మా ఊరోళ్ళ పేర్లు కూడా ఉంటాయి గదా" అంది. ఆమె అడిగిన మాటలోనే ఉంది నేను చెప్పాలనుకున్నదంతా.

ఆ రోజుల్లో ఈ ఊరి పేరు గుడిమల్లం కాదు, శాసనాల్లో తిరువిప్పిరంబేడు. కాంచీపురం చుట్టూ ఉన్న తొండైమండలంలోని ఇరవై నాలుగు కోట్టాల్లో, అంటే సీమల్లో, తిరువేంగడ కోట్టం ఒకటి, ఈ ఊరు అందులోది. తిరువేంగడమంటే మన తిరుమల కొండే. ఇక్కడ తెలుగు శాసనం ఎందుకు లేదని కొందరు నొచ్చుకుంటారు. ఉత్తరాన కడప సీమలో, కలమళ్ళలో రేనాటి చోళులు 575 నాటికే తెలుగులో శాసనం వేయించారు. ఈ పక్క కాంచీపురం గాలి. రెండు భాషలూ ఇక్కడ కలిసే బతికాయి, మా ఇంట్లో ఇప్పటికీ బతుకుతున్నాయి. నాకైతే ఇందులో నొచ్చుకోవాల్సింది కనబడదు.

9వ శతాబ్దంలో ఈ సీమను ఏలినవాళ్ళు బాణులు. బలిచక్రవర్తి వంశం మాది అని చెప్పుకున్నారు, అందుకే పేర్లలో 'మహావలి వాణరాయ' అని వస్తుంది. వాళ్ళ రాజ్యాన్ని 'వడుగవళి మేర్కు' అన్నారు, తెలుగుదారికి పడమటి సీమ అని. దక్షిణం నుంచి మన వైపు వచ్చే పెద్ద బాట ఒకటుండేదన్నమాట, దాని పేరుతోనే రాజ్యాన్ని గుర్తుపట్టేవాళ్ళు. గుడిమల్లంలోని బాణుల శాసనాలు ఐదింటిని శాసన పండితుడు వి. వెంకయ్య చదివి, శాసనాలు అచ్చువేసే ఎపిగ్రాఫియా ఇండికా 11వ సంపుటంలో అచ్చువేయించారు. నాలాంటివాళ్ళకు ఆధారం ఆయనే. ఆయన చదివి పెట్టకపోతే నేను ఇప్పటికీ 'స్వస్తిశ్రీ' దగ్గరే ఉండేదాన్ని.

ఆ ఐదింటినీ వరసగా పెట్టుకుని చూస్తే ఒక రాజ్యం కూలడం కళ్ళకు కట్టినట్టు కనబడుతుంది. ముందరి వాటిలో పల్లవరాజు దంతివర్మ పేరు, నందివర్మ పేరు వస్తాయి. ఫలానా పల్లవరాజు ఏలుబడిలో ఫలానా ఏట, ఫలానా బాణరాజు ఇక్కడ ఏలుతుండగా అని మొదలవుతుంది. పెద్ద దొర, ఆయన కింద చిన్న దొర, ఆ తర్వాతే దానం సంగతి. శక 820, 827 నాటి శాసనాలకు వచ్చేసరికి, అంటే 898కీ 905కీ, పైన పల్లవుడి పేరు లేదు. బాణ విజయాదిత్యుడు ఒక్కడే, కాలం లెక్కకు శకసంవత్సరం. కాంచీపురంలో పల్లవుల పని అయిపోయింది, చోళులు పైకొస్తున్నారు. ఆ నడుమ బాణులకు కొద్దికాలం ఎవరికీ తలవంచక్కర్లేని రోజులు దొరికాయి. ఎక్కువ కాలం నిలవలేదు. 907లో చోళ సింహాసనమెక్కిన పరాంతకుడు బాణులను పెళ్ళగించి, బాణాధిరాజు బిరుదును గంగవంశపు రాజు పృథివీపతికి ఇచ్చేశాడు.

నేను సోషల్ పాఠం చెప్తాను. పుస్తకంలో ఈ ముక్క ఉంటే ఒక వాక్యంలో పోతుంది, పిల్లలు పరీక్షకు రాసి మరిచిపోతారు. ఈ రాతి ముందర నిలబెట్టి 'ఇదిగో, ఇక్కడ పెద్ద రాజు పేరు ఉంది, ఇక్కడ లేదు' అని చూపిస్తే జన్మలో మరిచిపోరు. అదీగాక, రాజు పేరు మారింది మొదటి వరసలోనే. గుడికి దానం ఇవ్వడం, దాన్ని రాతిలో పెట్టడం మాత్రం ఆగలేదు. ఈ పలకల్లో కొన్నిటిని తర్వాతి కాలంలో గుడి నేల పరచడానికి వాడేశారు. ఇంత చరిత్ర మీదుగా నడిచిపోతున్నామని మనకు తెలియదు.

ఇప్పుడు మనం చూసే రాతిగుడి విక్రమచోళుడి 9వ ఏట, 1126లో తిరిగి కట్టినది. ఈ విక్రమచోళుడు మనకు పరాయివాడు కాదు. ఈయన తండ్రి కులోత్తుంగుడు, కులోత్తుంగుడి తండ్రి రాజమహేంద్రవరంలో నన్నయ చేత భారతం రాయించిన రాజరాజనరేంద్రుడు. చోళ సింహాసనం ఎక్కకముందు విక్రమచోళుడు వేంగిలోనే రాజప్రతినిధిగా ఉన్నాడు. నన్నయను పోషించిన రాజు మనవడి కాలంలో గుడిమల్లానికి రాతిగుడి వచ్చిందని చెబితే మా తెలుగు మాస్టారు కుర్చీలో నుంచి లేచి నిలబడ్డారు.

గుడి వెనక్కి పోయి చూడండి. గర్భగుడి వెనకగోడ అర్ధచంద్రంలాగా తిరుగుతుంది. గజపృష్ఠం అంటారు. మన వైపు గుళ్ళు నలుచదరంగానే ఎక్కువ, ఇలాంటివి తక్కువ. గోడ ఒంపు తిరిగే చోట ఒక్కో రాయి ముఖాన్ని కొంచెం కొంచెం గుండ్రం చేసి చెక్కారు. రెండు రాళ్ళు కలిసే చోట వేలు పెడితే అతుకు తగులుతుంది గానీ ఒంపు ఎక్కడా విరగదు. ఆరేడు వరసలు పైకి చూస్తూ పోయినా అంతే. కింద ఇటుకల గుడి కూడా వెనక గుండ్రంగానే ఉండేదని చెప్పాను కదా. అంటే వెయ్యేళ్ళ తర్వాత వచ్చిన చోళుల కాలపు శిల్పులు, కాసెపనివాళ్ళు పాత గుడి రూపును వదల్లేదు. చదరంగా కట్టేసుకుంటే పని సులువయ్యేది, రాయీ కలిసొచ్చేది. లోపల గర్భగుడి నేల ముందరి మండపం కంటే కిందికి ఉంటుంది, స్వామి దగ్గరికి దిగి పోవాలి. చుట్టూ ఎంత కట్టినా, నేల ఎంత పెంచినా స్వామిని కదపలేదు. ఆయన ఉన్న మట్టానే ఉన్నాడు.

గుడి కట్టడం ఒక ఎత్తు, రోజూ నడవడం ఇంకో ఎత్తు. చోళుల కాలంలో ఈ సీమ గుళ్ళలో అఖండదీపం ఎలా వెలిగేదో తెలుసుకున్నాక నాకు శాసనాల మీద పిచ్చి ముదిరింది. దీపానికి డబ్బు కాదు, గొర్రెల్ని ఇచ్చేవాళ్ళు. ఒక దీపానికి మామూలుగా తొంభై, లేదా తొంభైయారు. వాటిని 'చావా మూవా పేరాడు' అన్నారు, చావనివి, ముసలివి కానివి అని. గుడి ఆ మందను ఒక కాపరికి అప్పజెబుతుంది. ఆయన రోజుకు ఒక ఉళక్కు (అప్పటి ఒక చిన్న కొలత) నెయ్యి గుడికి కొలవాలి. పాలు, పిల్లలు, మిగిలింది ఆయనది. చచ్చినదాని చోట పిల్లను పెంచి మంద లెక్క తగ్గకుండా చూసుకోవాలి. అందుకే అవి చావవు, ముసలివి కావు. రాజు పోవచ్చు, ఇచ్చినవాడు పోవచ్చు, కాపరి కూడా పోవచ్చు, మంద మాత్రం ఆయన కొడుక్కి వస్తుంది, నెయ్యి కొలిచే బాధ్యతతో సహా. నాకు తెలిసి ఇంత తెలివైన ధర్మనిధి ఏ బ్యాంకులోనూ లేదు. మా తొమ్మిదో తరగతి పిల్లల్లో గొర్రెలున్న ఇంటివాడు ఒకడు ఇది విని వెంటనే లెక్కేశాడు: "రోగమొచ్చి మంద సగం పోతే నెయ్యి ఎట్ల ఇస్తాడు టీచర్?" మంచి ప్రశ్న. అలాంటి ఏళ్ళు వచ్చే ఉంటాయి, ఆ కాపరి ఇంట్లో ఎంత కష్టం పడి ఉంటారో. రాతి మీద షరతే రాస్తారు, కష్టం రాయరు.

నీళ్ళ సంగతి కూడా అడుగుతారు కాబట్టి రెండు ముక్కలు. గర్భగుడి పక్కన నేల కింద చిన్న తొట్టి ఉంది. అరవై ఏళ్ళకొకసారి గంగ పైకొచ్చి స్వామిని తడిపి పోతుందని ఊళ్ళో నమ్మకం. 2005 డిసెంబరు 4న అలా నీళ్ళొచ్చాయని చెప్తారు. ఆ ఏడాది ఈ ప్రాంతమంతా వానలు గట్టిగా పడ్డాయి, పక్కనే ఏరు, లోపల నేల పల్లం. భూమిలో నీటిమట్టం పెరిగి ఊరిందని నేననుకుంటా. అలా అనుకున్నంత మాత్రాన ఊరివాళ్ళ భక్తికి వచ్చిన లోటేం లేదు. నీళ్ళకు దారి వదిలి కట్టిన ఆ పెద్దల బుద్ధికి నేనూ దండం పెడతాను.

1954 నుంచి గుడి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. నడుమ చాలాకాలం నిత్యపూజ ఆగిపోయింది. ఊరివాళ్ళు గట్టిగా అడిగాక మళ్ళీ మొదలైంది. నేను ఈ విషయంలో ఊరివాళ్ళ పక్షమే. ఆనందవల్లి అమ్మవారికి, సుబ్రహ్మణ్యస్వామికి, సూర్యుడికి కూడా అక్కడ గుళ్ళున్నాయి. వాటిలో దీపం లేకుండా గుడిని కాపాడటం ఎలా అవుతుందో నాకు అర్థం కాదు. లింగాన్ని తీరిగ్గా, దగ్గరగా చూడాలనుకునేవాళ్ళు చంద్రగిరి కోటలోని మ్యూజియానికి పోండి, అచ్చం ఇలాంటి నకలు అక్కడ ఉంది. పొట్టేలు కాళ్ళు, యక్షుడి చెవులు అక్కడైతే నిదానంగా చూసుకోవచ్చు. గుడిమల్లంలో స్వామికి దండం పెట్టుకుని బయటికొచ్చి, మిగిలిన సమయమంతా గోడలకు ఇవ్వండి. రాతల మీద పసుపు, పిండి రుద్దకండి. అక్షరం బాగా కనబడుతుందని కొందరు రుద్దుతారు, రాయి పాడవుతుంది.

నాకు కావాల్సింది ఒకటే. ఆ శాసనాల సారం తెలుగులో, ఊరి పిల్లలు చదివి అర్థం చేసుకునే మాటల్లో, గుడి దగ్గర బోర్డు మీద ఉండాలి. ఎవరు ఏమిచ్చారు, ఎప్పుడిచ్చారు, అప్పుడు ఏలింది ఎవరు. ఆ పెద్దామె మనవరాలు వచ్చి చదివి ఇంట్లో చెప్పాలి. అచ్చయిన పాఠాలు పెట్టుకుని, మా అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటీ తెలుగులో రాస్తున్నా. పాత తమిళం దగ్గర ఇద్దరమూ చిక్కుకుంటున్నాం, కాబట్టి మెల్లగా సాగుతోంది. తమిళ శాసనాలు చదివే అలవాటున్నవాళ్ళు ఎవరైనా తిరుపతి చుట్టుపక్కల ఉంటే చెప్పండి, నోట్సు పట్టుకుని నేనే వస్తా.

ఇది అయ్యాక తొండమనాడు పోవాలి, కాళహస్తి పక్కనే. ఆదిత్యచోళుడు అక్కడే పోయాడు. ఆయన సమాధి మీద కొడుకు గుడి కట్టించాడు. ఆ కొడుకు పరాంతకుడే, మన బాణుల్ని పెళ్ళగించినవాడు. అక్కడి గోడల మీద కూడా రాత చాలా ఉంది.